గాలియు, గూడుబండియు

గత ఆషాఢమున లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు ముగిసిన మూడవనాడు మా ఆడబిడ్డ యొంటరిగా శ్రీశైలమునకు బయలుదేరెను. అద్దెకు దెచ్చిన కారవాను, అనగా పడకయు పొయ్యియు గల మోటారుబండి, మా శాలిబండ సందులో పట్టక పెద్దవీథిలోనే నిలువవలసివచ్చెను. అత్తగారు మూడుదినములు మాటలాడలేదు. మేమును వారి పక్షముననే యుంటిమి. ఈ యీదురుగాలులలో, కొండదారిని, ఆడుపిల్ల యొక్కతెయా?

ఇల్లు వెంటబెట్టుకొని పోవుట మనవారికి క్రొత్తగాదు. మన పెద్దలు గూడుబండ్లలో తీర్థములు సేవించిరి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నమునుండి కాశికి పోవుచు దారిలో శ్రీశైలమును, మన హైదరాబాదును జూచిరి. పల్లకి, బోయీలు, డేరాలు, పరివారము, ఒక చిన్న గ్రామమే వారివెంట నడచినది. ఆ గ్రామమంతయు నేడు నాలుగు చక్రములపైకెక్కి యొక్క మనిషి చేతిలోనికి వచ్చినది. కాని గాలి హెచ్చినచో బోయీలు పల్లకిని దింపుదురు. బండికి ఆ బుద్ధి లేదు, నడుపువారికే యుండవలెను.

మావారు బడిలో లెక్కలు చెప్పుదురు. ఆ బండి ప్రక్కగోడ అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల యెత్తు. గంటకు 50 కిలోమీటర్ల గాలి దానికి అడ్డముగా తగిలినచో ఇంచుమించు నూఱు కిలోల బరువుతో త్రోసినట్లని వారు లెక్కగట్టి చెప్పిరి. గాలి వేగము రెట్టించినచో త్రోపు రెట్టింపుగాదు, నాలుగురెట్లగును. అత్తగారి భయమునకు ఈ లెక్క మఱికొంత బలమిచ్చెను.

అప్పుడు మా ఆడబిడ్డ యిట్లనెను: "వదినా, శ్రీశైలపుదారి మనకు దక్షిణముగా పోవును. ఈ నెలలలో గాలి పడమటనుండి వీచును. పోవునపుడు కుడిప్రక్క తగిలి బండిని రోడ్డు అంచునకు నెట్టును. వచ్చునపుడు ఎడమప్రక్క తగిలి యెదురుబండ్లవైపు నెట్టును. తిరుగుప్రయాణమునకే నాకు భయము." మాకు కొంచెము సిగ్గైనది. మూడుదినములుగా మేము మనుష్యులకును చీకటికిని భయపడుచుంటిమి. ఆమె నెలదినములుగా గాలినిగూర్చి చదువుచుండెను.

నీళ్లడబ్బాలును బియ్యమును బండి నేలమీదనే సర్దుకొనెను. పైకప్పుమీద చాపయైన పెట్టలేదు. ఎదురుగా లారీ వచ్చునపుడు క్షణము గాలి ఆగి, అది దాటగానే మరల కొట్టునట. అప్పుడు స్టీరింగును బెదరి త్రిప్పక, రెండుచేతుల నిలుకడగా పట్టి, వేగము తగ్గింపవలెనట. నిలుపునపుడు బండిముక్కు గాలికెదురుగా నుండవలెను. చెట్లక్రింద నిలుపనేరాదు.

కడ్తాలు, ఆమనగల్లు, డిండి దాటి సాయంకాలము నాలుగింటికి మన్ననూరు చేరెను. అడవిదారి రాత్రి 9 మొదలు ఉదయము 6 వఱకు మూసియుంతురు గనుక వేళ మించలేదు. కాని గాలికి చెట్లు వంగుచుండెను. "వదినా, ఈ రాత్రి ఇక్కడనే" యని ఫోనులో చెప్పెను. అంతదూరము పోయి ఆగుటయా యని అత్తగారు నొచ్చుకొనిరి.

మాకు మాత్రము మఱియొక దినము జ్ఞప్తికి వచ్చెను. మూడేండ్లక్రిందట మేము పదునొకండుగురము అద్దెబండిలో ఇదే దారిని, ఇట్టి గాలిలోనే పోయితిమి. మన్ననూరులో ఆగుదమని బండివాడే యనెను. ఒకరికి అభిషేకపువేళ, ఒకరికి మరునాటి ఉద్యోగము, మావారికి బడి పరీక్షలు. ఆగుదమను మాట మాలో నెవ్వరినోటను రాలేదు. వటవర్లపల్లి దాటినపిమ్మట పెద్దకొమ్మ విఱిగి బండికి బారెడు ముందు పడినది. మా చిన్నవాడు మా యొడిలో నిద్రించుచుండెను. ఆ కొమ్మనుగూర్చి ఇంటిలో నెవ్వరము నేటివఱకు మాటలాడలేదు. ఒక్కతెయైనదానికి ఆగుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు.

ఒంటరితనము సుఖమని మేము చెప్పము. ఆ రాత్రి బండి ఉయ్యాలవలె నూగుచుండగా రెండుగంటలవఱకు ఆమెకు నిద్రలేదట. అడవిలో చాలచోట్ల ఫోను పలుకదు. మరునాడును గాలి తగ్గలేదు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము అచ్చటికి దగ్గఱ. కొండచఱియ చాటుననున్న ఆ స్వామిని సేవించి, మెల్లగా నడుపుకొని చీకటిపడకమునుపే యిల్లు చేరెను.

అత్తగారు ప్రసాదము కన్నులకద్దుకొని, "పిల్లకు ముందు అన్నము పెట్టుము" అని మాతో ననిరి. నాలుగుదినములకు అదియే మొదటి మాట.

గాలి తగ్గిన కార్తికమున మరల పోవునట. ఆ బండిలో పడకలు రెండు గలవట. మావారితో నింకను చెప్పలేదు.