నెత్తురు లెక్క సరే, చావు లెక్క ఎవరు చెప్తారు?

మా వాడ పెద్దాయన ఒకాయన కలుపు తీస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోతే 'గ్యాసులే' అని రెండు బిళ్లలు చేతిలో పెట్టారు. ఈసీజీ తియ్యలేదు, నెత్తురు చూడలేదు. తెల్లారేసరికి శవమయ్యాడు.

గుండెజబ్బు డబ్బున్నోళ్ల జబ్బట! ఎవరు చెప్పారు? తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ల చావుల్ని లెక్కగట్టి 2006లో అచ్చేశారు. వందకి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటే ఈ చావు మన ఊళ్లోనే ఉంది.

బళ్లో సైన్సు చెప్పే మాకు సైన్సు మీద కోపం లేదు. గుండె కండరం చచ్చిపోతుంటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ నెత్తుట్లోకి కారుతుంది. మొదటి గంటల్లో కనపడకపోవచ్చు, మళ్లీ పరీక్ష చెయ్యాలి. అపోలైపోప్రొటీన్-బి, లైపోప్రొటీన్-ఎ లాంటివి రాబోయే ముప్పును ముందే చెప్తాయి. ఇవి కనిపెట్టినోళ్లకి దండం. మా తగువు వాటిని అడ్డం పెట్టుకుని 'దక్షిణాసియా వాళ్ల జీన్సే అంత' అని చేతులు దులుపుకునే వాళ్లతో. 'మీ పుట్టుకే అంత' అన్న మాట మేం వేల ఏళ్లుగా వింటున్నాం!

లైపోప్రొటీన్-ఎ పుట్టుకతో వచ్చేదే, నిజం. కానీ 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో ఏం తేల్చింది? మార్చుకోగల తొమ్మిది కారణాలే గుండెపోట్లలో వందకి 90కి మూలమని. అందులో పొగ, బీపీ, షుగరుతో పాటు మానసిక ఒత్తిడీ ఉంది. అప్పు, అవమానం, రేపటి కూలి బెంగ ఏ ఒత్తిడి కిందికొస్తాయో వేరే చెప్పాలా?

ఇంకో లెక్క వినండి. 17 దేశాల ప్యూర్ పరిశోధన 2014లో చెప్పింది: మన దేశంతో సహా పేద దేశాల్లో ముప్పు కారణాలు తక్కువ, చావులు ఎక్కువ. ఆ ముప్పును కొలిచిన స్కోరుకు నెత్తురు పరీక్షే అక్కర్లేదు. ముప్పు తక్కువున్న చోట చావు ఎందుకెక్కువ?

జవాబు మన దేశంలోనే దొరికింది. 89 ఆసుపత్రుల్లో 20,468 మంది గుండె రోగుల్ని చూసిన క్రియేట్ రిజిస్ట్రీ 2008లో అచ్చయింది. ముప్పై రోజుల్లో పేదలు వందకి 8.2 మంది పోయారు, ధనికులు 5.5 మంది. అందిన వైద్యంలో తేడాని లెక్కలోంచి తీసేస్తే చావుల్లో తేడా మాయమైంది! చంపింది నెత్తురు కాదు. అందని వైద్యం.

ఆ ఫలితాల్లో పేద, ధనిక అని విడదీశారు. కులం గడి ఏది? పేదోడిలో మాలోడెంతమంది, మాదిగోడెంతమంది, ఎరుకలోడెంతమంది? గడి లేకపోతే చావూ లేనట్టేనా? మమ్మల్ని ఊరికి బయట పెట్టినోళ్లు లెక్కకీ బయటే పెడతారా?

అందుకే అడుగుతున్నాం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష ఉండాలి, అవి చూసి చెప్పే మనిషి రాత్రిళ్లు కూడా ఉండాలి. గడ్డ కరిగించే మందు గంటల్లో, ఉచితంగా అందాలి. పరిశోధనకని వాడల్లో నెత్తురు తీసేవాళ్లు ఫలితాన్ని తెలుగులో రాసి మా చేతికియ్యాలి. జబ్బు బయటపడితే మందు బాధ్యత తీసుకోవాలి. గుండె రోగుల ప్రతి రిజిస్టర్లో కులం రాయాలి.

అంతదాకా మనం చెయ్యాల్సిందొకటుంది. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే 'గ్యాసు' అన్న మాటకి తలూపి ఇంటికి రావద్దు. ఈసీజీ తీసేదాకా అక్కడి నుంచి కదలొద్దు. ఒక్కడు పోతే కసురుతారు, పదిమందిమి పోదాం. వాళ్లు మన నెత్తురు సీసాల్లో పట్టుకుపోయారు. లెక్క మనమే అడగాలి.