చేవ్రాలు తప్పని ఒప్పందం

ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుకుంటాము. 1919లో ఆ రోజున సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ ఓడ బొంబాయి నుండి ఇంగ్లండుకు బయలుదేరింది. (స్వదేశీ ఓడకు ‘విధేయత’ అన్న పేరేమిటో!) నాలుగేళ్ళకు అదే కంపెనీ పెట్టిన ఒక సంతకాన్ని మాత్రం ఎవరూ తలవరు. తలచినవారు కూడా లొంగుబాటు అని చప్పరించేస్తారు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది.

1923లో సింధియాకూ, బ్రిటిష్ ఇండియా కంపెనీకీ నడుమ పదేళ్ళ ఒప్పందం కుదిరింది. సింధియా మన కోస్తాలో సరుకు రవాణాకే పరిమితం కావాలి, ఓడల మొత్తం 75,000 టన్నులు దాటరాదు. విదేశీ మార్గాల ఊసెత్తరాదు. సొంత తీరంలో వ్యాపారం చేసుకోవడానికి పరాయివాడు హద్దులు గీయడమన్న మాట.

ఇంత దాకా ఎలా వచ్చిందో చూడాలి. కొత్త ఓడ రేవుకు రాగానే పాత కంపెనీ కిరాయి తెగ్గోసేది. అదొక్కటే అయితే ఓర్చుకోవచ్చునేమో. అసలు ఉచ్చు రిబేటు. వర్తకుడు కిరాయి పూర్తిగా చెల్లిస్తాడు. అందులో కొంత భాగాన్ని కంపెనీ తన వద్దే ఉంచుకుని, కొన్ని నెలల తరువాత తిరిగి ఇస్తుంది. ఈలోగా అతడు ఒక్క బస్తా అయినా వేరే ఓడకెక్కించాడా, ఆ సొమ్ముపై ఆశ వదులుకోవలసిందే. స్వదేశాభిమానం ఎంత ఉన్నా, తన డబ్బు ఎదుటివాడి పెట్టెలో ఉన్నప్పుడు బియ్యం వర్తకుడు ఏం చేస్తాడు? 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై నెలకొల్పిన స్వదేశీ ఓడల కంపెనీ ఇటువంటి కిరాయి పోటీలోనే నలిగింది. 1908లో ఆయన జైలు పాలయ్యాక అది ఎంతో కాలం నిలవలేదు.

మరి ప్రభుత్వమో? బ్రిటిష్ ఇండియా కంపెనీకి టపా కాంట్రాక్టులిచ్చి పోషించినది అదే. ఆ కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ 1922-23లో భారత ప్రభుత్వ ఖర్చుల తగ్గింపు సంఘానికి అధ్యక్షుడు కూడా. సింధియాకు ఎదుట కూర్చున్నవాడు ఒక వ్యాపారి మాత్రమే అనుకుంటే పొరపాటు. సింధియా వెనుక నిలబడవలసిన ప్రభుత్వం ఆయన వెనుక నిలబడి ఉంది.

అందుచేత నరోత్తం మొరార్జీ, వాల్చంద్ హీరాచంద్ ప్రభృతులు సంతకం చేయడం సబబేనంటాను. పిళ్ళైగారి కంపెనీ త్యాగంగా మిగిలింది, సింధియా కంపెనీగా మిగిలింది. అయితే ఆ సంతకానికి మూల్యం చెల్లించినది వాటాదారులొక్కరే కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి రంగూనుకు డెక్కుల మీద కిక్కిరిసి పోయిన మన తెలుగు కూలీలకు స్వదేశీ ఓడ ఎక్కే దారి ఆ ఒప్పందంతో మూసుకుపోయింది. సరుకుకే పరిమితమైన కంపెనీ వారినెలా ఎక్కించుకోగలదు? ఒప్పందాన్ని మెచ్చుకునేవారు ఈ సంగతి దాటవేయడం నాకు నచ్చదు.

కోస్తా రవాణాను స్వదేశీ ఓడలకే కేటాయించాలని 1928లో సారాభాయి నేమ్‌చంద్ హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. పైగా 1935 భారత ప్రభుత్వ చట్టం, బ్రిటన్‌లో రిజిస్టరైన ఓడల పట్ల వివక్ష చూపరాదని ఒక సెక్షనే రాసిపెట్టింది. చూడడానికి ఎంత న్యాయంగా ఉందో! మన ఓడకు అక్కడా, వారి ఓడకు ఇక్కడా సమాన హక్కట. వారికి వందల ఓడలు, మనకు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. సమానత్వం అన్న మాటను ఇంత లాభసాటిగా వాడుకున్న చట్టం మరొకటి నాకు తోచదు.

1933లో పదేళ్ళ గడువు తీరింది. 1941 జూన్ 21న విశాఖపట్నంలో సింధియావారి నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. ఈసారి ఓడ పేరులో విధేయత లేదు.