స్కైలాబ్ తరం, చంద్రయాన్ తరం

1979 జులైలో తెలుగు పల్లెల్లో కోళ్లకు గడ్డుకాలం వచ్చింది. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ వచ్చి నెత్తిన పడుతుందట, ఎలాగూ పోయేవాళ్లమే, ఉన్నదేదో తినేసి పోదాం అనుకున్నారు జనం. మేకలు తెగాయి. పిండివంటలు వండుకున్నారు. గుళ్లలో భజనలు తెల్లవార్లూ సాగాయి. అప్పులిచ్చినవాళ్లు కంగారుపడితే తీసుకున్నవాళ్లు నిబ్బరంగా ఉన్నారని ఇప్పటికీ రచ్చబండల దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. తీరా జులై 11న ఆ 77 టన్నుల కట్టడం ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలింది. అక్కడి ఎస్పెరన్స్ అనే ఊరి పాలకులు తమ ఊళ్లో చెత్త పోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసి సరదా తీర్చుకున్నారు. ఇక్కడ తెల్లారి చూసుకుంటే ప్రాణాలున్నాయి, కోళ్లు లేవు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

నెల తిరిగేసరికి, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ లేచింది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. కొన్ని నిమిషాలకే అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు నడిపింది అబ్దుల్ కలాం. అయినా విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధవన్. మరుసటి ఏడాది జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ఆయన పక్కకు తప్పుకుని, విలేకరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. కలాం ఈ ముచ్చట ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు.

ఆకాశం నుంచి ఏదో పడుతుందని భయపడిన ఏడాదే, ఆ ఆకాశంలోకి మనవాళ్లు ఏదో పంపాలని చూశారు. రెండూ ఎరిగిన తరం ఇప్పుడు అరవై దాటింది. మన ఇళ్లలోనే, హాల్లో ఓ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగినప్పుడు, ఆ కుర్చీ పక్కన ఎవరు కూర్చున్నారు?

ఆ సాయంత్రం ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షలకు పైగా తెరల మీద చూశారు. అప్పటికి అదొక రికార్డు. దేశమంతా బడుల్లో, కాలేజీల్లో కూడా తెరలు కట్టి చూపించారు. మంచిదే. కానీ ఈడువాళ్ల మధ్య కూర్చున్న పిల్లవాడు చప్పట్లు కొట్టి ఇంటికొస్తాడు. చంద్రుడి దాకా పోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటాడు. ‘మా చిన్నప్పుడు స్కైలాబ్ పైనుంచి పడుతుందని కోడిని కోసుకున్నాంరా’ అనే మనిషి ఆ బడి హాల్లో ఉండరు. ఆ మాట పక్కన పడితే తప్ప ఎంత దూరం వచ్చామో ఆ పిల్లవాడికి అందదు.

అలాగని తెరను తిట్టి లాభం లేదు. చంద్రుడి మీద దిగే దృశ్యాన్ని మిద్దెక్కి చూడలేం కదా. పైగా మన పల్లెలు మొదట తెర చూసిందే గుంపుగా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికి ఒక్క పెట్టె. దాని ముందు ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ. సేద్యం గురించి చెబుతుంటే ఏ రైతో అడ్డం తిరిగి మాట్లాడేవాడు, పిల్లలు వినేవాళ్లు. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో అదే ప్రసారం చూస్తున్నారు. ఒక ఫోన్‌లో దిగేసిన ల్యాండర్ పక్క గదిలో ఇంకా దిగుతూనే ఉంటుంది.

గెలిచిన సాయంత్రాల కన్నా ఓడిన రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ కలిసి చూడాలి. 2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 ఎగరాలి. నిద్ర ఆపుకుంటున్న పిల్లల్ని ఒళ్లో వేసుకుని వేలమంది శ్రీహరికోట చేరారు. ఇంకో 56 నిమిషాలుందనగా గడియారం ఆగిపోయింది. సాంకేతిక లోపం, ప్రయోగం వాయిదా. సరిగ్గా వారానికి, 22న, అది ఎగిరింది. సెప్టెంబరు 7 తెల్లవారుజామున అదే చంద్రయాన్ ల్యాండర్ చంద్రుడి నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు సవ్యంగా దిగి, ఆ తర్వాత మూగబోయింది. ‘ఫెయిలైందా?’ అని అడిగే పిల్లవాడికి అప్పుడు టీవీ వ్యాఖ్యాత ఏం చెప్పినా ఎక్కదు. 79లో సముద్రంలో పడ్డదాన్ని, 80లో పైకెళ్లినదాన్ని ఎరిగిన తాత చెబితే లెక్క వేరు.

ఇదేదో పెద్దవాళ్లంటే అభిమానంతో అంటున్న మాట కాదు. అమెరికాలోని ఎమోరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు 20 ప్రశ్నలు వేశారు. మీ అమ్మానాన్నలు ఎక్కడ కలిశారు, మీ ఇంట్లో జరిగిన కష్టమేదైనా తెలుసా, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. కథలు వినడం వల్లే విశ్వాసం పెరిగిందా, కబుర్లు చెప్పుకునే ఇళ్లే వేరుగా ఉంటాయా అన్నది ఆ లెక్కలతో తేలదు. ఎగుడుదిగుళ్లు రెండూ చెప్పే ఇంటి కథే పిల్లలకు ఎక్కువ బలమని మాత్రం డ్యూక్ అంటారు.

పైగా ఇంటి కథలో ప్రత్యక్ష వ్యాఖ్యానంలో లేనివి ఉంటాయి. రాకెట్లు రాకముందు శ్రీహరికోట దీవి మద్రాసుకు వంటచెరకు పంపే సరుగుడు, జామాయిల్ తోపు. అక్కడి అడవిలో, పులికాట్ అంచున యానాదులు బతికేవాళ్లు. అంతరిక్ష కేంద్రం వచ్చాక దీవిలో ఊళ్లను ఖాళీ చేయించారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ ఎగిరితే, 2025 జనవరి 29న పెద్ద రాకెట్ల లెక్కలో వందో ప్రయోగం జరిగింది. ఈ వంద ప్రయోగాల లెక్క ఒక యానాది అవ్వ దగ్గర ఇంకో రకంగా ఉంటుంది. ఆమె మనవరాలు బడిలో ఇస్రో మీద వ్యాసం రాసే ముందు ఆ అవ్వను అడగాలి కదా.

శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట వాళ్లకు రాకెట్ ప్రయోగాలు ఇంటి వ్యవహారం. శ్రీహరికోట కేంద్రం షార్‌లో ప్రయోగమంటే పని ఆపి మిద్దెక్కుతారు. ముందు చెట్ల పైన మంట కనబడుతుంది, చప్పుడుండదు. రాకెట్ బాగా పైకి లేచాక అప్పుడు వస్తుంది మోత. మొదటిసారి చూసే పిల్లలు ఆ మోతకు ఉలిక్కిపడి పక్కనున్నవాళ్ల చేయి పట్టుకుంటారు. ఏళ్ల తరబడి చూసినవాళ్లు పొగ దారి చూసి సరిగ్గా వెళుతోందో లేదో తేల్చేస్తారు. మిగతా రాష్ట్రానికి ఈ భాగ్యం దక్కింది ఆలస్యంగానే. సామాన్యులు కూర్చుని చూసే గ్యాలరీ శ్రీహరికోటలో తెరిచింది 2019 మార్చి 31న. మర్నాడే పీఎస్ఎల్‌వీ-సీ45 ఎగిరింది.

గ్యాలరీ పెట్టడం ఇస్రో చేసిన మేలు. నమోదు మాత్రం ఆన్‌లైన్‌లో. పేరున్న ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. చేయి తిరిగిన కుర్రవాళ్లకు దొరుకుతాయి, డెబ్బై ఏళ్ల మనిషికి దొరకవు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా 18 కిలోమీటర్ల దారి, ఆపైన ఎండలో గంటలు కూర్చోవడం. ఇక ఇంట్లోవాళ్లు ‘నీకెందుకమ్మా ఈ తిరుగుడు, టీవీలో చూడు’ అనేస్తారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చే కుటుంబాల కోసం ఒక వరుస విడిగా ఉంచడం, ప్రయోగం వాయిదా పడితే ఆ సీటు అలాగే నిలిపి ఉంచడం, సూళ్లూరుపేట రైల్వే స్టేషన్ దగ్గర నుంచి ఆర్టీసీ బస్సులు వేయడం రాకెట్ సైన్సేమీ కాదు.

మన వ్యోమగాములను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ ఎలాగూ వస్తోంది. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి వెళ్లారు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ఫ్లోరిడా నుంచి వెళ్లారు. మనిషిని మోసుకెళ్లే మన రాకెట్ శ్రీహరికోట నుంచి లేచే రోజున గ్యాలరీ సీట్ల కోసం సిఫారసు ఉత్తరాలు, వీఐపీ పాసులు ఎంత జోరుగా నడుస్తాయో ఊహించడం కష్టం కాదు. ఆ జాబితా తయారయ్యే ముందే కుటుంబాల వరుస సంగతి తేల్చాలి. సీటు దొరకని వాళ్ల సంగతి విద్యాశాఖ చూడాలి. ఆ రోజు పిల్లల్ని బడి హాల్లో బారులు తీర్చి కూర్చోబెట్టకుండా సెలవిచ్చి ఇంటికి పంపాలి. హాజరు పట్టీలో అది ఏ పద్దు కింద రాయాలన్నది వాళ్లే తేల్చుకుంటారు.