రిటైరయ్యాక ఉండాల్సిన ఊరు ఏది?

పల్నాడు జిల్లా అచ్చంపేట వంటి మండల కేంద్రంలో పదవీ విరమణ చేసే టీచరుకు సొంత ఇల్లుంటుంది. పొలం కౌలుకిచ్చి ఉంటారు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పలకరించేవాళ్లకు కొదవ ఉండదు. అయినా చూపు గుంటూరు ఫ్లాటు వైపే తిరుగుతుంది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎక్కడికి పరుగెత్తాలన్న భయమే అందుకు కారణం. ఫ్లాటుకు మారాక ఆసుపత్రి దగ్గరవుతుంది, మనుషులు దూరమవుతారు. లిఫ్టు ఆగిన రోజు మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు దిగలేరు. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు.

నార్డిక్ దేశాల్లోనూ పింఛనుదారులు ఊరు వెతుక్కుంటారు. అయితే వాళ్లు చూసుకునేవి వేరు. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. ఆ చీకటి పడనివారు దక్షిణాన ఉండే పట్టణం చూసుకుంటారు. ఇంటి అద్దె, మనవల ఊరు కూడా లెక్కలోకి వస్తాయి. సంరక్షణ మాత్రం ఎక్కడున్నా స్థానిక లేదా ప్రాంతీయ సంస్థ బాధ్యతే. స్వీడన్ 1992 సంస్కరణతో వృద్ధుల సేవలను మునిసిపాలిటీలకు అప్పగించింది. డెన్మార్క్ 1996 నుంచి వయసు పైబడినవారి ఇంటికే సిబ్బందిని పంపి బాగోగులు అడిగే ఏర్పాటును చట్టం చేసింది. అక్కడ పన్నులు ఎక్కువ, సిబ్బంది కొరతా ఉంది. అయినా బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంది.

మనకూ కాగితం మీద లోటు లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు ప్రత్యేక వరుసలు ఉండాలంటోంది. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు, కదల్లేనివారికి ఇంటి వద్ద సేవ ఉండాలని నిర్దేశించింది. వీటిలో వారం వారం క్లినిక్, ఇంటి వద్ద సేవ అచ్చంపేటలో సక్రమంగా నడిస్తే బీపీ, షుగరు పరీక్షల కోసం గుంటూరు బస్సెక్కే పని ఉండదు. పెద్ద జబ్బుకు మాత్రమే పట్నం వెళితే సరిపోతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. పాలన జనానికి దగ్గర కావాలన్నదే కొత్త జిల్లాల ఉద్దేశం. ఆ దగ్గరతనం ముందుగా అందాల్సింది నడవలేనివారికే. మండల ఆరోగ్య కేంద్రంలో వృద్ధుల క్లినిక్ ఏ రోజున నడుస్తుందో బోర్డు రాసి పెట్టాలి. ఆ రోజు డాక్టరు, మందులు, ఫిజియోథెరపీ తప్పకుండా ఉండాలి. అక్కడి నుంచి గుంటూరుకు అంబులెన్సు ఆలస్యం లేకుండా కదలాలి. గ్రామసభల్లో పెద్దలు గట్టిగా అడగాల్సింది ఇదే. పుట్టి పెరిగిన ఊళ్లో నిశ్చింతగా ముసలితనం గడపడం వారి హక్కు.