పసిబిడ్డలకు ఎడతెగని ఆరోగ్యరక్ష

దసరా పండుగ వెళ్లిన పిదప కర్నూలు జిల్లా పడమటి సీమలో ఏటేట కానవచ్చు దృశ్యమొకటి కలదు. కోసిగి, కౌతాళము, హొళగుంద, ఆలూరు ప్రాంతముల గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములు వంటపాత్రలను, పడకచుట్టలను, బియ్యపుమూటలను బండ్లకెక్కించుకొని వలసపోవుచుండును. కొందరు గుంటూరు, పల్నాడు మిరపచేలకు, కొందరు తెలంగాణమందలి పత్తిచేలకు, కొందరు బెంగళూరు కట్టడపు పనులకు పోవుదురు. ఇంటికి పడిన తాళము ఉగాదికి గాని తీయబడదు. బడియీడు పిల్లలకై ప్రభుత్వమువారు వలసకాలపు వసతిగృహములు తెరచుట కలదు. కాని చంకలోని బిడ్డ తల్లితోనే పోవలయును. ఆ బిడ్డ వెంట దాని ఆరోగ్యరక్షయు పోవుచున్నదా? నేడు మేము పాఠకుల ముందుంచు ప్రశ్న ఇదియే.

కడప సీమలో వలసకు వేరొక రూపము. తల్లి కువైటులో ఇంటిపనికి పోవును. తండ్రి బెంగళూరులో నుండును. బిడ్డ అవ్వ యొడిలో పెరుగును. ఆ బిడ్డ పేరు ఏ కార్డులో నున్నది, ఆ కార్డు ఎవరి పెట్టెలో నున్నది, వ్రేలిముద్ర వేయవలసినవారు ఏ దేశమున నున్నారు అను విచారణ ముగియులోపల జ్వరము ఆగదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేము చెప్పబోము. 2007లో ఆరోగ్యశ్రీ పుట్టినది. అంతవరకు గుండెజబ్బుతో పుట్టిన బిడ్డను చూచి నుదుటివ్రాత యని కన్నీరు కార్చిన పేదవారు దానివలన పెద్ద ఆసుపత్రి మెట్లు ఎక్కగలిగిరి. 2011 జూను 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రభుత్వాసుపత్రులలో కాన్పును, 30 దినములవరకు శిశువు చికిత్సను ఉచితము చేసినది; తరువాత ఆ గడువును ఏడాదికి పొడిగించిరి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుక మొదలు 18 ఏండ్లవరకు బిడ్డలను పరీక్షించి లోపములను ముందుగా కనిపెట్టు పనిని చేపట్టినది. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల చికిత్సను వాగ్దానము చేసినది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలైనది; 2024లో ఆ పథకమునకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరు వచ్చినది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము అన్ని కుటుంబములకును ఆరోగ్యబీమా యను విధానమును ఆమోదించినది. కర్నూలు సర్వజన వైద్యశాలయు, కడప రిమ్సును, 2021లో తిరుపతిలో తెరువబడిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమును ఈ సీమ బిడ్డలకు దిక్కై యున్నవి.

ఇన్ని యుండగా కొరత యెక్కడ? కొరత పథకముల సంఖ్యలో లేదు. పథకమునకు పథకమునకు నడుమ నున్న సందులలో నున్నది. పెద్దవాడు సందును దాటగలడు. పసివాడు దానిలో పడిపోవును.

మొదటి సందు కుటుంబమను లెక్కలో నున్నది. రక్షకు కొలత కుటుంబమే గాని బిడ్డ కాదు. ఆయుష్మాన్ భారత్ కుటుంబములను 2011 సామాజిక ఆర్థిక గణనను బట్టి యెంచిరి. ఆనాటికి పుట్టని బిడ్డ పేరును పిదప చేర్చుకొనవలసినదే. అన్నదమ్ములు వేరుపడిరి, కార్డు విడదీయవలయును. తండ్రి ఫ్యాక్టరీలో చేరెను, కార్మిక బీమా వచ్చెను. జీతము నెలకు 21,000 రూపాయలు దాటెను, లేదా పని పోయెను, ఆ బీమా జారిపోయెను. ఐదేండ్లు నిండగానే బిడ్డ ఆధారునకు వ్రేలిముద్రలు చేర్చవలయును. వీనిలో ఏ మార్పునకును బిడ్డ కారకుడు కాడు. ప్రతి మార్పునకును బిడ్డయే పూచీ పడుచున్నాడు.

రెండవ సందు ఎల్లలలో నున్నది. గుంటూరునకు పోయిన కూలివానికి రాష్ట్రపు కార్డు చెల్లును. ఎల్ల దాటినవానికో? 2019లో ఆరోగ్యశ్రీని హైదరాబాదు, బెంగళూరు, చెన్నపట్టణములకు విస్తరించిరి, నిజమే. కాని ఎంపికచేసిన కొన్ని ఆసుపత్రులకు, కొన్ని పెద్ద చికిత్సలకు మాత్రమే. కేంద్ర పథకము ఏ రాష్ట్రమందైనను చెల్లునని నియమము కలదు. కాని కాగితముపైనున్న నియమమునకును, భాష తెలియని నగరమున నడిరేయి బిడ్డనెత్తుకొని తిరుగు తల్లి చేతికందు సాయమునకును చాల దూరమున్నది.

మూడవ సందు రోగముల పట్టికలో నున్నది. మన బీమాలు ఆసుపత్రిలో చేరిన పిదప జరుగు చికిత్సలకై యేర్పడినవి. పసిబిడ్డలను పీడించునవి ఎక్కువగా జ్వరము, విరేచనములు, ఊపిరితిత్తుల నెమ్ము. వానికి కావలసినది తొలిదినముననే వైద్యుని దర్శనము, కొన్ని మందులు. వలసకూలి ఆనాటి కూలి పోవునని వెనుకాడును. మూడవదినమునకు బిడ్డ ఆసుపత్రి మంచమెక్కును. అప్పుడు గాని బీమా కన్ను తెరువదు. అల్పవ్యయమునకు చేయి ముడిచి అధికవ్యయమునకు చేయి చాచుట పొదుపెట్లగును?

ఈ సందులు చిన్నవని యెవరైన తలతురేమో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో 35 మంది ఐదేండ్లు నిండకుండ కన్నుమూయుచున్నారు. వారిలో 30 మంది తొలియేటనే పోవుచున్నారు. ఏ బీమాయైనను గల ఇండ్లు నూటికి 70 మాత్రమే యని ఆ సర్వేయే చెప్పుచున్నది. ఆరోగ్యశ్రీ పుట్టి పండ్రెండేండ్లు గడచిన పిమ్మటి మాట ఇది.

బాల్యమున ఎడతెగనితనమే ప్రాణము. తలసేమియాతో పుట్టిన బిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి రక్తమెక్కింపవలయును. రక్తపు క్యాన్సరు వచ్చిన బిడ్డకు రెండు మూడేండ్లు విడువక చికిత్స జరుగవలయును. చెవి వినబడని బిడ్డకు మాటలు నేర్చు వయస్సు దాటకమునుపే సాయమందవలయును. మన మెట్టరైతునకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన తప్పినచో, పిదప ఎన్ని వానలు కురిసినను ఆ కాయ రాదు. సంవత్సరపు వర్షపాతము లెక్కలో సరిపోవచ్చును. కల్లము మాత్రము వట్టిదే. ఒక యేడు రక్ష యుండి, ఆరునెలలు తెగి, మరల అతికిన బిడ్డ గతియు అంతియే.

ఇది సాధ్యమా యని అడుగువారికి మన దేశమే ప్రత్యుత్తరమిచ్చి యున్నది. 1995 మొదలు పల్స్ పోలియో చుక్కలు వేసిన కార్యకర్తలు ఏ బిడ్డనైనను నీ తండ్రి ఆదాయమెంత, నీ కార్డు ఏ రంగుది, నీది ఏ ఊరు అని అడిగిరా? బస్సుస్టాండులలో, రైల్వేస్టేషనులలో, ఇటుకబట్టీలలో బిడ్డలను వెదకి చుక్కలు వేసి వ్రేలిపై సిరాగుర్తు పెట్టిరి. 2011 జనవరి పిమ్మట దేశమున సహజ పోలియో క్రిమివలన ఒక్క బిడ్డయు కాలు పోగొట్టుకొనలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. చుక్క బిడ్డను వెదకుకొని పోయినది; బిడ్డ చుక్కకై దరఖాస్తు పెట్టలేదు. ఆ విజయ రహస్యము ఇదియే.

పరదేశముల అనుభవమును గమనింపదగినది. అమెరికాలో పేదల ప్రభుత్వ బీమా నుండి కోవిడు కాలమున ఎవరిని తొలగింపలేదు. 2023లో ఆ రక్ష ముగిసి అర్హతలను మరల పరిశీలించినప్పుడు లక్షలాది బిడ్డలు జాబితాలనుండి జారిపోయిరి. వారిలో పెక్కురు అనర్హులై కాదు, కాగితములు సకాలమున చేరక. ఆ యేడే ఆరిగాను రాష్ట్రమువారు ఒకసారి చేరిన బిడ్డకు ఆరేండ్లు నిండువరకు రక్ష తెగరాదని నియమించిరి. 2024 జనవరి మొదలు బిడ్డలకు కనీసము పండ్రెండు నెలలు రక్ష తెగకుండవలయునని ఆ దేశపు చట్టమే విధించినది. ఇక మన దేశమున 1946 నాటి భోర్ కమిటీ, సొమ్ము చెల్లింపలేని కారణమున ఏ వ్యక్తికిని తగిన వైద్యము అందకుండరాదని చెప్పియే యున్నది. ఆ మాటను పసివారితోనైన ఆరంభింపరాదా?

ఆక్షేపణలు కలవు. ధనవంతుల బిడ్డలును లాభింతురని కొందరందురు. లాభింతురు గాక! పది సంపన్న గృహములకు సాయమందునను భయముతో ఒక కూలివాని బిడ్డను బయట నిలుపుట న్యాయము కాదు. ఖజానా భరింపదని మరికొందరందురు. పసివారి వ్యాధులు పెక్కు స్వల్పవ్యయమున కుదురునవి; ఏటేట అర్హతలను తిరుగదోడుటకును వ్యయము కలదు. అందరికి బీమా వచ్చుచుండగా పసివారికి వేరు నియమమేల యని ఇంకొందరు. అందరికి ఇచ్చుట వేరు, తెగకుండ ఇచ్చుట వేరు. 2024లోను, 2025లోను బాకీలు చెల్లలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలను నిలిపిన దినములు పాఠకులు మరువలేదు. కార్డున్నను తలుపు మూసియున్నచో ఆ రక్ష యేపాటిది?

కావున మేము కోరునవి ఇవి. కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే జననము నమోదై, తల్లి ఇంటికి పోకమునుపే బిడ్డ పేరిట రక్షాపత్రము చేతికందవలయును. ఆరేండ్లు నిండువరకు కుటుంబపు ఆదాయము, కార్డు, నివాసము ఎట్లు మారినను అది చెల్లుచుండవలయును. కర్ణాటక, తెలంగాణ ప్రభుత్వములతో ఒడంబడిక చేసికొని వలస బిడ్డలకు అచ్చటి ప్రభుత్వాసుపత్రులలో అడ్డులేని ప్రవేశము కల్పింపవలయును. ఆసుపత్రిలో చేరనక్కరలేని చికిత్సయు, మందులును దానిలో చేరవలయును. బిడ్డల చికిత్సకైన బాకీలను అన్నిటికంటె ముందుగా తీర్పవలయును. ఇవి కొత్త భవనములను కోరు కోరికలు కావు; ఉన్న యేర్పాటులను ఒక దారమున గ్రుచ్చు కోరికలు.

ప్రభుత్వమువారు కదలువరకు మనము చేతులు కట్టుకొని యుండనక్కరలేదు. పుట్టిన 21 దినములలోపల జననమును తెలుపవలెనని 1969 నాటి చట్టము చెప్పుచున్నది. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు విద్యావంతులు తమ వీధిలో పేరు నమోదుకాని బిడ్డ యెవరో కనుగొనవలయును. వలసపోవు కుటుంబములకు బయలుదేరకమునుపే పత్రములు సరిచూచి పెట్టవలయును. శాసనసభ్యులు ఊరికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న నడుగవలయును.

వచ్చు దసరా పిమ్మటను కోసిగి బాటలో బండ్లు కదలును. వానలు సరిగా కురియువరకు, చెరువులు నిండువరకు వలసను ఆపు శక్తి మన పత్రికకు లేదు. కాని ఆ బండ్లపై తల్లి యొడిలో నిదురించు బిడ్డను ఏ ఊరి వైద్యుడైనను "నీవెవరి బిడ్డవు?" అని కాక, "నీకేమి బాధ?" అని అడుగునట్లు చేయు శక్తి మన ప్రభుత్వములకు కలదు. ఆ శక్తిని వినియోగింపుడని కోరుచున్నాము.