పాత కంప్యూటరుకి కొత్త కాపురం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచితంగా ఇచ్చే మామూలు మరమ్మతులు మైక్రోసాఫ్టు వారు చాలించారు. అది మొదలు నన్ను అడిగేవారందరిదీ వొకటే ప్రశ్న: "మా పెట్టె కొత్త విండోస్‌కి తూగదట. ఇహ పాతసామానువాడికి వెయ్యవలసిందేనా?"

అక్కరలేదండీ. లినక్స్ వుంది. 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దానికి శ్రీకారం చుట్టాడు. దాని మీద కట్టిన ఉబుంటు, మింట్ వంటివి దమ్మిడీ ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. కొత్తవారికి నేను మింటే చెబుతాను. విండోస్‌కి అలవాటుపడ్డ కంటికి అది పరాయిగా తోచదు. ఉబుంటు మంచిది కాదని కాదు. కొత్తకోడలికి మొదటిరోజే వంటింటి అరలన్నీ మార్చి చూపడం దేనికని!

ముందు దాన్ని పెన్ డ్రైవులోకి ఎక్కించి, అందులోంచే కంప్యూటరు నడిపి చూడండి. లోపలి డిస్కు జోలికి పోకుండానే నడుస్తుంది. వైఫై, ధ్వని, కెమెరా, ప్రింటరు అన్నీ అప్పుడే పరీక్షించుకోవచ్చు. కాస్త మందకొడిగా వుంటుంది. ఆ మందకొడితనం పెన్ డ్రైవుది.

అసలు జాగ్రత్త ఆ తరువాత వుంది. లోపల ప్రతిష్ఠించేటప్పుడు "డిస్కంతా తుడిచెయ్యమన్నారా?" అన్న అర్థం వచ్చే మాటొకటి కనిపిస్తుంది. అది వుత్తుత్తి బెదిరింపు కాదు. మా పక్కవాటాలో వొక రిటైర్డు మేష్టారున్నారు. కాలం చేసిన ఆయన భార్య పాడిన మంగళహారతులు పదకొండు, ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేవు. "టైమ్‌షిఫ్ట్ అని వొకటి వుందటగా, అన్నీ వెనక్కి తెస్తుందటగా" అన్నారాయన ధీమాగా. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. టైమ్‌షిఫ్ట్ లినక్స్ ఎక్కించాక పనికొచ్చేది; అది కాపాడేది ఇంటి గోడల్ని, ఇంట్లో నగల్ని కాదు. ఏదైనా సవరింపు వికటిస్తే వ్యవస్థను నిన్నటి స్థితికి తెస్తుంది. మీ ఫొటోలూ పాటలూ వుండే హోమ్ ఫోల్డరును, మీరు ప్రత్యేకించి చెబితే తప్ప, ముట్టుకోదు. పైగా దాని నకళ్లు ఆ డిస్కులోనే వుంటే, డిస్కు పోయిననాడు అవీ పోతాయి.

కనుక పాటల్ని రెండు పెన్ డ్రైవుల్లోకి ఎత్తాం. నకలు తీయగానే సరిపోదని, పదకొండూ మా ఇంటి కంప్యూటరులో మొదటినుంచి చివరిదాకా వినిపించేదాకా మేష్టారు నన్ను ముందుకు సాగనివ్వలేదు. మధ్యాహ్నమంతా అయింది. ఆయన పట్టుదలే సబబు. నకలు తీసి తెరచి చూడనివారు బోలెడుమంది. రెండో పెన్ డ్రైవు ఖమ్మంలో వున్న కూతురికి పంపించారు.

పెన్ డ్రైవంటే గుర్తొచ్చింది. నకలు పూర్తయిందని తెరమీద కనబడ్డా లోపల ఇంకా రాత సాగుతూ వుండవచ్చు. "ఎజెక్ట్" నొక్కి, తీయవచ్చునని చెప్పేదాకా ఆగండి. ఆ అరనిమిషం తొందరకి పెళ్లి ఫొటోలు సగం చెడిన ఇళ్లు నేనెరుగుదును.

ఇంటర్నెట్టులో ఎవరో రాసిన ఆజ్ఞల్ని టెర్మినల్‌లో గుడ్డిగా అతికించకండి. ముఖ్యంగా "సుడో"తో మొదలయ్యేవి యజమాని తాళంచెవితో సమానం. అక్కడ సంకేతపదం కొట్టేటప్పుడు కొన్నిటిలో చుక్కలైనా కనబడవు. కీబోర్డు చెడిందనుకోకుండా కొట్టేసి ఎంటర్ నొక్కండి. మింట్‌లో తెర అడుగున డాలు బొమ్మ వుంటుంది. సవరింపులు వచ్చాయని అది చెప్పినప్పుడు వాయిదా వెయ్యకండి.

తెలుగు మాటేమిటంటారా? పోతన, వేమన పేర్లతో ఉచిత ఖతులున్నాయి. ఐబస్‌తో పాటు ఎమ్17ఎన్ చేర్చుకుంటే, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలోగాని, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్టీఎస్ పద్ధతిలోగాని హాయిగా రాసుకోవచ్చు. లిబ్రాఫీసులో రాసినది ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే పంక్తులు చెదరవు.

ఫొటోషాప్, మైక్రోసాఫ్టు ఆఫీసు మాత్రం నేరుగా ఇందులోకి ఎక్కవు. అవే అన్నం పెట్టే వారు విండోస్‌ని తుడవకుండా, డిస్కులో జాగా వుంటే, రెంటినీ పక్కపక్కన వుంచుకోవచ్చు. ఆ పనికి పూనుకున్నా సరే, నకళ్లు ముందు.