వృద్ధుల సేవ

అత్తగారు జారిపడినప్పుడు ఎముక విరుగకున్నను, మరల పడుదురను భీతిచే మేము వారిని మంచము దిగనీయమైతిమి. నెల తిరుగకమున్నే కాళ్లసత్తువ సన్నగిల్లి వారు లేవజాలరైరి. మా భక్తియే వారికి సంకెలయ్యెను.

పిదప వైద్యుడు మాకు నేర్పిన విధమిది. చేతులున్న కుర్చీని గోడకానించి, అందు వారిని కూర్చుండబెట్టవలెను. పాదములు వెనుకకు జరిపి, ముందునకు వంగి, మెల్లగా లేచి, మెల్లగా కూర్చుండుట అయిదు మారులు. పిమ్మట గట్టిబల్ల పట్టుకొని మడమలెత్తుట. మేము ప్రక్కనే నిలిచియుందుము గాని రెక్కపట్టి లాగము. నొప్పియో, ఆయాసమో, తల తిరుగుటయో తోచిన తక్షణమే మాన్పింతుము.

65 యేండ్లు దాటినవారు వారమునకు 3 దినములైనను బలమును, నిలుకడను పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది.

నిన్న అత్తగారు తామే లేచి తులసికి నీరు పోసిరి. చెంబు మేమందుకొనబోగా వలదనిరి.